అడవి గుఱ్ఱపుపిల్ల మా యింటికి వచ్చిన విధము

గుఱ్ఱమును గూర్చి గృహిణి వ్రాయుటయా యని సోదరీమణులలో కొందరికి నవ్వు రావచ్చును. ఆవును గూర్చి వ్రాసినచో ఎవ్వరును నవ్వరు. పాడియు పంటయు మన యింటి మాటలు. గుఱ్ఱమన్ననో రాజులకును రౌతులకును, ఇప్పటి కాలమున పెండ్లి యూరేగింపులకును చెందినదని మన తలంపు. విరాటుని కొలువున గుఱ్ఱములను కనిపెట్టుటకు దామగ్రంథి యను మాఱుపేరుతో చేరినవాడు నకులుడు. అంతటి వీరుని పని గనుకనే మన పత్రికలలో దీనికి తావు లేకపోయెను కాబోలు. అయినను ఈ పనిలో వీరుల వలన కాని భాగ మొకటి కలదని నా యనుభవము. దానిని చెప్పుటకే కలము పట్టితిని.

మా వారు గనుల యింజనీరు. ఆ యుద్యోగము మమ్ము 2016లో అమెరికా దేశమునందలి నెవాడా రాష్ట్రమునకు కొనివచ్చినది. అమెరికా యనగానే మనకు తోచు ఆకాశము నంటు మేడలు ఇచ్చట కానరావు. ఎటు చూచినను బోడికొండలు, ఉప్పునేలలు, సేజ్‌బ్రష్ అను బూడిదవన్నె పొదలు. వాన తక్కువ, గాలి ఎక్కువ. అనంతపురము జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఈ నేల పరాయిదిగా తోపలేదు. రీనో పట్టణమునకు తూర్పున రెండెకరముల స్థలములో మా యిల్లు. వంటయింటి కిటికీనుండి చూచినచో కొన్ని యుదయములందు కొండవాలున బారు తీర్చి పోవు గుఱ్ఱములు కనబడును. వానిని కట్టి పెంచువారు ఎవ్వరును లేరు.

గుఱ్ఱపు జాతి మొదట పుట్టినది అమెరికా ఖండముననే యని దొరకిన యెముకలను బట్టి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సుమారు 10,000 ఏండ్లకు పూర్వము అది ఇచ్చట నశించి ఆసియా, ఐరోపాలలో మిగిలినది. 1493లో కొలంబసు తన రెండవ యాత్రయందు ఓడలపై గుఱ్ఱములను కరీబియను ద్వీపములకు మరల తెచ్చెను. 1519లో కోర్టెసు మెక్సికో తీరమున దింపెను. వారి వశమునుండి తప్పించుకొన్నవి, పిమ్మట సైనికులును పశువులకాపరులును విడిచిపెట్టినవి కలసి మందలైనవి. వీనికి మస్టాంగులని పేరు. దిక్కులేని పశువు అను అర్థము గల స్పానిషు మాటనుండి ఆ పేరు పుట్టినది.

ఈ మందల కథలో ఒక స్త్రీని తప్పక తలపవలెను. వెల్మా జాన్‌స్టన్ అను నామె రీనోలో ఒక కార్యాలయమున కార్యదర్శినిగా పని చేయుచుండెను. చిన్ననాట పోలియో సోకి ముఖము కొంత వంకర పోయినది. 1950లో ఒకనాడు పనికి పోవుచు ముందు సాగుచున్న బండినుండి నెత్తురు కారుట చూచి దాని వెంట పోయెను. అందున్నవి కబేళాకు పోవు అడవి గుఱ్ఱములు. ఆ కాలమున వీనిని విమానములతోను మోటారు బండ్లతోను తరిమి పట్టి, పెంపుడు కుక్కలకు మేతగా అమ్ముచుండిరి. ఆమె ఊరకుండలేదు. సభలలో మాటాడెను. బడిపిల్లలచేత శాసనసభ్యులకు వేలకొలది ఉత్తరములు వ్రాయించెను. 1959లో మోటారు బండ్లతో వీనిని వేటాడరాదని చట్టము వచ్చెను. 1971లో అడవి గుఱ్ఱములను, గాడిదలను కాపాడు పెద్ద చట్టము వచ్చెను. ఎదిరిపక్షమువారు ఆమెను ఎగతాళిగా 'వైల్డ్ హార్స్ ఆనీ' యని పిలిచిరి. ఆమె ఆ పేరునే బిరుదుగా ధరించెను. 1977లో ఆమె కాలధర్మము నొందినది.

రక్షణ దొరకిన పిమ్మట మందలు పెరిగినవి. వీనిని తినగల క్రూరమృగములు తక్కువ గనుక నాలుగైదేండ్లలో మంద రెట్టింపు కాగలదు. 2024 మార్చి లెక్కలలో ప్రభుత్వ భూములయందు గుఱ్ఱములును గాడిదలును కలసి 73,500 దాక తేలినవి. ఆ భూములు భరింపగలవని ప్రభుత్వము పెట్టుకొన్న సంఖ్య 27,000 లోపే. అందుచేత హెలికాప్టరులతో తోలి పట్టి, దొడ్లలో నుంచి, కోరినవారికి పెంపకమున కిచ్చుచున్నారు. ఇట్లు తోలుట తగునా తగదా యను వాదము ఇచ్చట తెగినది కాదు. చెలమ లెండిన వేసవిలో ప్రక్కటెముకలు లెక్కపెట్టదగినట్లున్న గుఱ్ఱములను చూచినదానను గనుక, ఊరక విడుచుటయే దయ యని నే ననజాలను. ఆ తోలకమును చూచి మనసు కలగని వారి మాటయు నాకు వినబుద్ధి కాదు.

మా అమ్మాయికి అప్పటికి పదునాలుగేండ్లు. మూడేండ్లుగా ఒక గుఱ్ఱపుపిల్ల కావలెనని అడుగుచుండెను. పెంపకమునకు నియమములు చాల కలవు. గుఱ్ఱమొక్కింటికి 400 చదరపు అడుగులకు తక్కువ కాని దొడ్డి ఉండవలెను. పెద్ద గుఱ్ఱమునకు కంచె 6 అడుగులు, 18 నెలల లోపు పిల్లకు 5 అడుగులు ఉండవలెను. ముళ్ళకంచె కూడదు. ఎండకు వానకు కప్పు కావలెను. రుసుము 125 డాలర్లు. మొదటి యేడాది గుఱ్ఱము ప్రభుత్వపు సొత్తే. చక్కగా సాకితిమని పశువైద్యుడు గాని అట్టి తెలిసినవారు మఱియొకరు గాని సంతకము చేసిన పిమ్మటనే అది మనదగును. ఈ నియమము లన్నియు మా వారు చదివి వినిపింపగా మా అత్తగారు విని, "పిల్లనిచ్చేటప్పుడు మనవాళ్ళు ఇందులో సగం విచారించినా చాలును" అనిరి.

మా అత్తగారు ఆ సెప్టెంబరుననే హిందూపురమునుండి ఆరు మాసములుండుటకు వచ్చి యుండిరి. ఆమెకు డెబ్బది దాటినవి. తండ్రిగారికి ఒకప్పుడు జట్కాబండి యుండుటచే గుఱ్ఱములను గూర్చి మా అందఱికంటె ఆమెకే ఎక్కువ తెలియును. ఆ సంగతి మాకు అంతవరకు తెలియదు. ఆమె చెప్పలేదు, మేమడుగలేదు.

2022 అక్టోబరులో రీనోకు ఉత్తరమున నున్న పాలొమినో వ్యాలీ దొడ్లకు పోయి పిల్లను తెచ్చుకొంటిమి. పదునారు మాసముల ఆడుపిల్ల. గోరింటాకు పండిన చేతి రంగు. నుదుట చిన్న తెల్లచుక్క. మెడకు ఎడమ ప్రక్క జూలు క్రింద కోణములును గీతలునుగా తెల్లని గుర్తు. ద్రవ నత్రజనిలో చల్లబఱచిన యినుమును అదిమిపట్టినచో ఆ చోట రంగు చచ్చి వెండ్రుకలు తెల్లగా మొలచును. పుట్టిన సంవత్సరము, దాని సంఖ్య ఆ గుర్తులో ఇమిడి యుండును. ఇరుకైన సందులో దానిని నిలిపి, తలకు నవారుతో చేసిన తలతాడు నొకదానిని తగిలించి, బండిలోనికి తోలిరి. మనుష్యుని చేయి దానికి తగులుట అంతకు ముందు అచ్చు వేసినప్పుడును, సూదిమందు లిచ్చినప్పుడును మాత్రమే. అమ్మాయి దానికి గోరింట యని పేరు పెట్టెను.

దొడ్డిలో దిగగానే గోరింట కంచె పొడవున చుట్టు తిరుగ నారంభించెను. మేము చూచుచున్నంత సేపు గడ్డి ముట్టలేదు, నీరు త్రాగలేదు. క్యారెట్టు లుంచితిమి, ఆపిలు ముక్కలుంచితిమి. కొండలలో పెరిగిన గుఱ్ఱమునకు అవి తినదగినవను జ్ఞానమే లేదు. మా అత్తగారు మఱునాడు ఉలవలు గుగ్గిళ్ళు చేసి పంపిరి. వాసన చూచి ముక్కుపుటము లెగురవేసి తొలగినది. చీకటిపడి ఇల్లు సద్దు మణిగిన పిమ్మట నీళ్ళు త్రాగిన చప్పుడు వినబడెను.

మూడు రాత్రులు సకిలించినది. ఆ సకిలింత వినలేక నేను లేచి కిటికీకడ నిలిచితిని. చీకటిలో మా అత్తగారు అప్పటికే అచ్చట నిలుచుండిరి. "నన్ను కాపురానికి తెచ్చిన రాత్రి నేనూ ఇట్లాగే ఏడ్చాను. నాకు పదునైదేండ్లు" అని, కొంత తడవూరకుండి, "ఉదయాన దీనికొక తోడు చూడండి" అనిరి. మేము కాపురమునకు వచ్చి పదునెనిమిది సంవత్సరములైనను ఆమె నోట ఆ మాట నేనెన్నడును వినలేదు. నాల్గవనాడు పొరుగువారి ముసలి గోడిగను అడిగి తెచ్చి ప్రక్క దొడ్డిలో కట్టితిమి. ఆ రాత్రినుండి సకిలింత ఆగినది. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఒంటిగా నుండుట దానికి చెఱ మాత్రమే కాదు, ప్రాణభయము కూడ.

దాని కన్నులను గూర్చి కొంచెము చెప్పవలెను. తినుటకై వేటాడు జంతువులకు కన్నులు ముందుండును. పులికిని పిల్లికిని మనకును అంతే. తప్పించుకొని బ్రతుకు జంతువులకు ప్రక్కల నుండును. గుఱ్ఱమునకు చుట్టును కనబడును గాని, సరిగా ముక్కునకు ఎదుటను తోకవెనుకను కొంత చోటు కనబడదు. అందుచే నెదురుగా పోయి, ఱెప్ప వేయక చూచి, చేయి చాపి నుదురు నిమురబోవుట మనకు ముద్దు. దానికి అది పులి పొంచుట వంటిది. మా వారును అమ్మాయియు మొదటి పది దినములును ఆ ముద్దే చేసిరి. వారు దొడ్డి దాపునకు వచ్చినంతనే అది దూరపు మూలకు పోయి, పిఱుదులు మా వైపు త్రిప్పి నిలుచుండెడిది.

మా అత్తగారు గుఱ్ఱము కొఱకు దొడ్డికి పోలేదు. నెవాడా గాలి ఆమెకు పడదు. దొడ్డి కప్పునకు దక్షిణమున గాలి తగలక ఎండ తగులు చోటు ఒక్కటి కలదు. అచ్చట కంచెకు ఇవతల కుర్చీ వేయించుకొని, పెద్దపళ్ళెము ఒడిలో పెట్టుకొని, బియ్యములో రాళ్ళేరుటయో మెంతియాకు గిల్లుటయో చేయుచు కూర్చుండెడివారు. ఈ దేశపు బియ్యములో రాళ్ళుండవని చెప్పినను వినరు. సన్నని గొంతుతో ఏదో పాట. తలయెత్తి గుఱ్ఱమును చూచుట లేదు. రెండు దినములు అది దూరమున నిలిచి ఒక చెవి ఆమె వైపు త్రిప్పినది. అయిదవనాటికి నడిమికి వచ్చినది. పందొమ్మిదవనాడు నేను వంటయింటినుండి చూచుచుండగా కంచె సందునుండి ముక్కు చాచి ఆమె శాలువ కొసను వాసన చూచినది. ఆమె ఆకు గిల్లుట మానలేదు.

సుమారు 2,400 ఏండ్ల క్రిందట జెనొఫన్ అను గ్రీకు సేనాని గుఱ్ఱములను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఆకలి, దప్పి, ఈగల బాధ మనుష్యుని వలననే తీరునని పిల్లకు తోచునట్లు చేయవలెననియు, అది తాను గోకికొనజాలని చోట్లను నిమురవలెననియు ఆయన చెప్పినదాని సారము. ఇంగ్లీషు అనువాదమున నేనది చదివి అత్తగారికి చెప్పగా, "మా నాయన జట్కావాడికి ఆ మాటే చెప్పేవాడు, ఆయనకు గ్రీకు రాదు" అనిరి.

నేనును ఆమె మార్గమే పట్టితిని. దినమునకు రెండు పర్యాయములు దొడ్డిలో గడ్డి వేసి, వెంటనే మరలక, ప్రక్కకు తిరిగి నిలిచి, చూపు నేలపై నుంచి, అది ఒక్క అడుగు నా వైపు వేసిన తోడనే నేను రెండడుగులు వెనుకకు పోవుచుంటిని. వెనుకకు పోవుటయే దానికి నేనిచ్చు బహుమానము. నవంబరు మధ్యకు గడ్డి నా చేతినుండి తినుచుండెను గాని, చేయి తన మెడ వైపు కదలినచో మెఱుపువలె తొలగుచుండెను. తొందర యేమియు లేకున్నచో అట్లే యుందుము. తొందర తలతాడు రూపమున వచ్చినది.

పిల్ల పెరుగుచున్నది. దానితోపాటు తలయు పెరుగుచున్నది. చలికాలపు దట్టమైన బొచ్చు కూడ మొలచినది. తెచ్చిన దినమున ముక్కుపట్టెకు లోపల మూడు వ్రేళ్ళు దూరునంత సందు కనబడెడిది. నవంబరు కడపటికి ఆ సందు లేదు. అట్లే విడిచినచో పట్టె చర్మములో దిగి పుండగును. మేత నమలుట కష్టమగును. అది సడలింపవలెనన్నచో దవడప్రక్క నున్న బిళ్ళను చేతితో పట్టుకొనవలెను. పశువైద్యుడు వచ్చి కంచె వెలుపలినుండి చూచి మూడు వారములు గడువిచ్చెను. అటు పిమ్మట మత్తుమందిచ్చియో, ఇనుప సందులోనికి తోలియో తీయవలసి యుండును. తీసినచో తల బాగుపడును గాని నమ్మకము మరల మొదటికి వచ్చునని ఆయనయే చెప్పెను. అమ్మాయి ఆ రాత్రి అన్నము తినలేదు.

ఒరెగాను రాష్ట్రమున అడవి గుఱ్ఱములను మచ్చిక చేయువారు వెదురుగడను వాడుదురని ఆయన వలననే వింటిమి. పది అడుగుల గడ తెచ్చి కొసకు మెత్తని గుడ్డ చుట్టితిమి. గుఱ్ఱమునకు మెడయు వీపును కలియు మూపు కలదు. గుఱ్ఱములు ఒకదాని నొకటి పండ్లతో గోకికొనునది అచ్చటనే. ఫ్రాన్సు దేశమున కమార్గు గుఱ్ఱములపై పరిశోధించి, ఆ చోట గోకినచో గుండె కొట్టుకొనుట నెమ్మదించునని 1993లో ప్రకటించిరి. గడ కొసను నేను మెల్లగా ఆ మూపుపై ఆనించితిని. పిల్ల పరుగెత్తినది. గడను తీయక, నొక్కక, దానితోపాటు నేనును తిరిగితిని. అది ఆగిన క్షణమున గడను ఎత్తివేసితిని. ఇందలి రహస్య మంతయు ఆ యెత్తివేయుటలో నున్నది. పరుగెత్తినప్పుడు తీసినచో పరుగు నేర్చును. ఆగినప్పుడు తీసినచో ఆగుట నేర్చును. మూడవనాటికి గడతో గోకుచుండగా పై పెదవి సాచి, మెడ వంచి, కన్నులు సగము మూసినది. అటు పిమ్మట దినమున కొక జానెడు చొప్పున గడను చేతిలోనికి లాగికొనుచు దగ్గఱకు జరిగితిని. కుడిప్రక్క కుదిరినదని ఎడమప్రక్క కుదురదు. రెండు ప్రక్కలను వేఱువేఱుగా నేర్పవలసి వచ్చెను.

డిసెంబరు 12వ తేదీని గడ లేకయే నా చేయి దాని మూపున నుండెను. అనుకొన్నదానికంటె వెచ్చగా నున్నది. బొచ్చులో దుమ్ము, సేజ్‌బ్రష్ వాసన.

ఆ మఱునాడే పెద్దగాలి వీచి పొరుగు పెరటినుండి నీలపు టార్పాలిను ఒకటి ఎగిరివచ్చి కంచెపై పడి కొట్టుకొనెను. పిల్ల కంచెను ఢీకొని మోకాలు గీచుకొన్నది. మూడు దినములు నన్ను కూడ దాపునకు రానీయలేదు. గడువులో మిగిలినవి ఆరు దినములు. మా వారు వైద్యునకు ఫోను చేయుదమనిరి. అత్తగారు ఏమియు ననలేదు. కుర్చీ వేయించుకొని మంచు కురియుచున్నను రెండు శాలువలు కప్పుకొని అదే చోట కూర్చుండిరి. నాల్గవనాడు పిల్ల ఆమె కడకు వచ్చినది. నేను లోపలికి పోయి దాని ప్రక్కన నిలిచితిని. గడియసేపు మూపు గోకితిని. మెడ, చెవి మొదలు, దవడ. చేతితొడుగు తీసివేసితిని గనుక వ్రేళ్ళు కొయ్యబాఱినవి. బిళ్ళనుండి నవారు ఒకసారి జారినది. పిల్ల ఊపిరి బిగబట్టినది. నేను చేయి తీసి వెనుకకు పోయితిని. మరల వచ్చితిని. రెండవసారి బిళ్ళ ఊడి తలతాడు నా చేతిలోనికి వచ్చినది. ముక్కుపై బొచ్చు రాలి ఎఱ్ఱని గాడి యొకటి పడియున్నది గాని చర్మము తెగలేదు. అమ్మాయి కంచె పట్టుకొని ఏడ్చుచుండెను. అత్తగారు పళ్ళెమునుండి తల యెత్తకయే "అయిందా?" అని యడిగిరి.

తక్కినవి వేగముగా జరిగినవి. క్రొత్త తలతాడును తానే ముక్కు దూర్చి తొడిగించుకొనుట జనవరిలో నేర్చినది. కాలెత్తుట ఫిబ్రవరిలో. గిట్టలు చెక్కువాడు వచ్చినప్పుడు ముందుకాళ్ళిచ్చినది, వెనుకకాళ్ళకు మఱి నాలుగు వారములు కావలెనన్నది. గుగ్గిళ్ళను గూర్చి మాత్రము అత్తగారి మాటయే నెగ్గినది. మార్చిలో ఆమె బయలుదేరు నాటికి గిన్నె చప్పుడైనచో సకిలించుచుండెను. బయలుదేరునాడు ఆమె నాకు ఆ పెద్దపళ్ళెము నిచ్చి, "రోజూ కూర్చో. పని లేకపోయినా కూర్చో" అనిరి. 2023 అక్టోబరున వైద్యుని సంతకముతో కాగితము పంపితిమి. గోరింట మాదైనది.

ఇప్పుడు దానికి నాలుగేండ్లు దాటినవి. గుఱ్ఱపు వెన్నెముకలు అన్నిటికంటె ఆలస్యముగా ముదురును, అయిదాఱేండ్లు పట్టును. అందుచే అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తేలిక జీను వేసి కొంతసేపు మాత్రమే ఎక్కును. మిగిలిన దినములలో నేను త్రాడు పట్టి కొండదాక నడిపింతును. నీలపు టార్పాలిను కనబడినచో నేటికిని ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక చెవి నా వైపు త్రిప్పును. నేను నడచినచో నడచును.